గాయం, వియోగం, వయసు: మెదడులో ఏది మార్పు, ఏది నష్టం?

డెబ్బై నాలుగేళ్ల ఒక పెద్దావిడను ఊహించుకుందాం. భర్త పోయి ఎనిమిది నెలలైంది. ఈ మధ్య ఆవిడ చెప్పిన మాటనే మళ్లీ చెబుతున్నారు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండటం లేదు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు. భర్త పిలిచినట్టు వినబడిందని ఒకటి రెండుసార్లు చెప్పి, ఎందుకు చెప్పానా అని తానే నొచ్చుకున్నారు. పాతికేళ్ల వయసులో ఆవిడ ఒక అగ్నిప్రమాదంలోంచి ప్రాణాలతో బయటపడ్డారు. ఆ సంగతి ఆ తర్వాత ఎన్నడూ పెద్దగా ఎత్తలేదు. పిల్లల్లో ఒకరు ఇదంతా వయసు ప్రభావమంటారు, ఇంకొకరు దిగులంటారు, మరొకరు డిమెన్షియా మొదలైందేమోనని భయపడతారు. చివరికి ఎంఆర్ఐ తీయిస్తే మెదడు కొంత కుంచించుకుపోయిందని, అందులోని హిప్పోక్యాంపస్ అనే భాగం చిన్నగా ఉందని రిపోర్టు వస్తుంది.

రిపోర్టు రాగానే చిక్కు విడిపోతుందనుకుంటాం కానీ, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. చిన్న హిప్పోక్యాంపస్ మానసిక గాయంతో సతమతమయ్యేవారిలో కనిపిస్తుంది, ఏళ్ల తరబడి కుంగుబాటులో ఉన్నవారిలో కనిపిస్తుంది, అల్జీమర్స్ తొలిదశలో కనిపిస్తుంది, ఏ జబ్బూ లేకుండా వయసు మీరినవారిలోనూ కనిపిస్తుంది. నాలుగు దారులూ ఒకే గుమ్మానికి చేరుతున్నప్పుడు గుమ్మాన్ని మాత్రమే చూసి, వచ్చిన మనిషి ఏ దారిన వచ్చాడో చెప్పలేం. ‘మెదడు దెబ్బతింది’ అన్న ఒక్క మాట కింద కలిసిపోయిన వేర్వేరు సంగతులను ఇక్కడ ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ముందు మాటలను విడదీయాలి

ఆసుపత్రిలో ట్రామా అంటే ఒంటికి తగిలిన పెద్ద గాయం. మానసిక వైద్యంలో అదే మాటకు అర్థం వేరు: ప్రాణం పోయేంత ప్రమాదాన్ని, తీవ్రమైన దెబ్బను, లైంగిక హింసను స్వయంగా అనుభవించడం లేదా కళ్లారా చూడటం. ఇంకో గందరగోళం ఏమిటంటే, జరిగిన సంఘటననూ, అది మిగిల్చిన ఫలితాన్నీ ఒకే పేరుతో పిలవడం మనకు అలవాటైపోయింది. ఒకే ప్రమాదంలోంచి పదిమంది బయటపడితే పదిమందికీ ఒకే ఫలితం ఉండదు కనుక, ఈ రెండింటినీ కలిపేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి లెక్కా తప్పుతుంది.

వియోగం, శోకం అనే మాటల మధ్య కూడా ఇలాంటి తేడానే ఉంది. వియోగం జరిగిన వాస్తవం. శోకం దానికి మనసూ శరీరమూ ఇచ్చే స్పందన. వయసు ఈ రెండింటిలా ఒక రోజున జరిగేదీ కాదు, దానంతట అది జబ్బూ కాదు. బతికి ఉన్న ప్రతి మెదడులోనూ సాగే నిదానమైన మార్పు. ఇక ‘ఇది మనసుకు సంబంధించినదా, మెదడుకు సంబంధించినదా?’ అన్న ప్రశ్న ఎంత తరచుగా వినబడినా పెద్దగా పనికిరాదు. దుఃఖం మెదడులో జరగకుండా మనసులో మాత్రమే జరగదు. స్కాన్‌లో కనిపించినంత మాత్రాన అది మందుతో నయం కావలసిన జబ్బూ కాదు.

గతం గతంగా మారకపోవడం

మామూలు జ్ఞాపకం ఎలా తయారవుతుందో చూస్తే, గాయపు జ్ఞాపకం ఎక్కడ తేడా పడుతుందో తెలుస్తుంది. కణతలకు లోపలి వైపున ఉండే హిప్పోక్యాంపస్, ఒక అనుభవం ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత జరిగిందో చీటీ రాసి అతికించే గుమస్తా లాంటిది. దాని పక్కనే ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టి, ఆలోచన మొదలయ్యే లోపలే గుండె వేగాన్నీ కండరాల బిగువునూ పెంచుతుంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆ హెచ్చరికను తూచి చూసి, పనికిరానిదైతే అణిచిపెడుతుంది. ప్రాణాపాయం ఎదురైనప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరిగి అమిగ్డాలా పనిని బలపరుస్తాయి, అందుకే ఆ క్షణాలు అంత గాఢంగా ముద్రపడతాయి. ఇందులో లోపమేమీ లేదు. పులి ఎదురైన చోటును మరచిపోయే జీవి బతికి బట్టకట్టదు.

తీవ్రమైన ఒత్తిడిలో గుమస్తా రాసే చీటీ అసంపూర్తిగా మిగిలినప్పుడు సమస్య వస్తుంది. మన పెద్దావిడకు ఎక్కడో ఏదో మాడిన వాసన తగిలిందనుకుందాం. ఆ వాసన ‘యాభై ఏళ్ల కిందట, ఫలానా ఊళ్లో, ఫలానా గదిలో’ అన్న చీటీతో కలిపి గుర్తొస్తే అది చేదు జ్ఞాపకం, అంతే. చీటీ లేకుండా వాసన, వేడి, ఊపిరాడనితనం మాత్రమే తిరిగొస్తే, శరీరం ఆ మంట ఇప్పుడే అంటుకున్నట్టు ప్రవర్తిస్తుంది. ఇలా పదేపదే ముంచుకొచ్చే జ్ఞాపకాలు, వాటిని గుర్తుచేసేవాటినుంచి తప్పించుకు తిరగడం, మనసు మొద్దుబారడం, ఎప్పుడూ పొంచి చూస్తున్నట్టు ఉండటం నెల దాటినా తగ్గకుండా జీవితాన్ని అడ్డుకుంటుంటే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో ఈ పేరు 1980లో చేరింది. లక్షణాలు మాత్రం అంతకు ముందే తెలిసినవి: మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ‘షెల్ షాక్’ అన్న మాటను వైద్య పత్రికకు ఎక్కించాడు. పేలుళ్ల అదురుకు మెదడే కదిలిపోయిందని అప్పట్లో చాలామంది నమ్మారు; పేలుడు దరిదాపులకు వెళ్లని సైనికుల్లోనూ అవే లక్షణాలు కనిపించాక ఆ నమ్మకం చెదిరింది. మెదడా, మనసా అన్న తగవు నూరేళ్లు దాటినది.

ఇక్కడ ఒక లెక్కను గట్టిగా పట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక గాయం కలిగించగల సంఘటనను సుమారు 70 శాతం మంది ఎదుర్కొంటారు. వారిలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. అంటే అటువంటి సంఘటన చూసిన ప్రతి వందమందిలో తొంభైనాలుగు మంది ఈ రుగ్మతలోకి జారరు. లైంగిక హింస వంటి సంఘటనల తర్వాత ఈ శాతం బాగా పెరుగుతుంది. బాల్యంలో అనుభవించిన కష్టాలు, సంఘటన తర్వాత చుట్టూ ఉన్నవారి అండ కూడా ఫలితాన్ని మారుస్తాయి. కోలుకునే సహజశక్తిని తక్కువగా అంచనా వేయడం వల్ల నష్టం జరిగిన సందర్భం కూడా ఉంది. ప్రమాదం జరిగిన కొద్ది గంటల్లో, రోజుల్లో బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు విరివిగా సాగింది. జాగ్రత్తగా పరీక్షించి చూస్తే అది పీటీఎస్‌డీని ఆపలేదని, కొన్ని అధ్యయనాల్లో చెప్పించిన వారి పరిస్థితే మరింత బాగోలేదని తేలింది.

చిన్నదైందా, ముందునుంచే చిన్నదా?

పీటీఎస్‌డీ ఉన్నవారి హిప్పోక్యాంపస్ సగటున కొంత చిన్నదిగా ఉంటుందని 1990ల నుంచి స్కాన్లు చూపుతూ వచ్చాయి. ఒత్తిడి హార్మోను ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో ఉంటే అక్కడి నాడీకణాల కొమ్మలు కురచబారతాయని జంతువుల మీద ప్రయోగాలు అప్పటికే చెప్పాయి. రెండింటినీ కలిపితే కథ చక్కగా అతుకుతుంది: గాయం ఒత్తిడిని పెంచింది, ఒత్తిడి మెదడును తినేసింది. నేటికీ చాలా వ్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి.

2002లో వెలువడిన ఒక కవలల అధ్యయనం ఈ కథను ఇబ్బందిలో పెట్టింది. మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం ఒకే పోలిక కవలల జంటలను ఎంచుకుంది. ప్రతి జంటలో ఒకరు వియత్నాం యుద్ధంలో పోరాడినవారు, రెండోవారు యుద్ధం చూడనివారు. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న సైనికుల హిప్పోక్యాంపస్ అనుకున్నట్టే చిన్నగా ఉంది. ఇంట్లోనే ఉండిపోయిన వారి కవల సోదరులదీ చిన్నగానే ఉంది. యుద్ధానికి వెళ్లనివారి మెదడును యుద్ధం కుదించలేదు కనుక, కనీసం ఈ జంటల్లో చిన్న హిప్పోక్యాంపస్ గాయం వల్ల వచ్చినది కాక, గాయం తగిలితే పీటీఎస్‌డీకి దారితీసే పూర్వస్థితి అయి ఉండాలి. గుమస్తా చేయి మొదటినుంచీ కాస్త నెమ్మది అయితే, గాబరాలో చీటీలు అతకడం మరింత కష్టమవుతుంది.

అంతమాత్రాన ఒత్తిడి సిద్ధాంతం కొట్టుకుపోలేదు. ఎదిగే వయసులో దీర్ఘకాలం హింసకు, నిర్లక్ష్యానికి గురైనవారి మెదడు ఎదుగుదలలో తేడాలు వస్తాయనడానికి ఆధారాలు విడిగా ఉన్నాయి. అయితే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ విషయంలోనూ లెక్క సూటిగా లేదు. పీటీఎస్‌డీ ఉన్నవారిలో అది ఎక్కువగా ఉంటుందనుకుంటే, కొన్ని అధ్యయనాల్లో మామూలు కంటే తక్కువగా కనిపించింది. పూర్వస్థితి కొంత, గాయం ప్రభావం కొంత అన్న మధ్యేమార్గం ఇప్పుడు ఎక్కువమందికి ఆమోదయోగ్యంగా ఉంది. నాకు మాత్రం ఇందులో ముఖ్యంగా తోచేది వేరే ఉంది: ఒక్కసారి తీసిన స్కాన్ ఏ భాగం ఎంత ఉందో చెబుతుందే తప్ప, అది అంతకు ముందు ఎంత ఉండేదో చెప్పదు.

హిప్పోక్యాంపస్ పరిమాణం శిలాశాసనమేమీ కాదనడానికి రెండు సాక్ష్యాలు తరచుగా చూపిస్తారు. లండన్ వీధుల పటం మొత్తం బుర్రలో నిలుపుకోవలసిన టాక్సీ డ్రైవర్లలో దాని వెనుక భాగం పెద్దదిగా ఉందని 2000లో ఎలనోర్ మగ్వైర్ బృందం చూపింది. 2011లో కర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దవయసువారితో చేసిన ప్రయోగంలో, ఏడాదిపాటు క్రమం తప్పకుండా వేగంగా నడిచినవారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది; ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో తగ్గింది. పెద్దవారి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పుడతాయా అన్నది మాత్రం తేలని తగవు: 2018లో, కొద్ది వారాల తేడాతో, పుట్టడం లేదని ఒక బృందం, ముదిమిలోనూ పుడుతున్నాయని మరో బృందం ప్రకటించాయి. మృతి చెందినవారి మెదడును ఎంతసేపటికి, ఎలా భద్రపరిచారన్న దానిమీద ఫలితం మారుతుండటం ఈ తగవుకు ఒక కారణం.

చికిత్సలు చేసే పని కూడా చెరపడం కాదు. భయాన్ని కలిగించే జ్ఞాపకాన్ని భద్రమైన చోట, నిపుణుల తోడుతో మళ్లీ మళ్లీ తలుచుకునే పద్ధతుల్లో, ‘ఇప్పుడు ప్రమాదం లేదు’ అన్న కొత్త పాఠాన్ని మెదడు పాతదాని పక్కన నేర్చుకుంటుంది. పాతది అలాగే ఉంటుంది, అందుకే తీవ్రమైన ఒత్తిడిలో ఒక్కోసారి తిరిగి పైకి లేస్తుంది. మరోవైపు, 2000లో కరీం నాదర్, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగం, తలుచుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడి తిరిగి గట్టిపడాల్సి ఉంటుందని, ఆ వ్యవధిలో అడ్డుపడితే భయం బలహీనపడుతుందని చూపింది. మనుషుల్లో మందులతో దీన్ని సాధించాలన్న ప్రయత్నాల ఫలితాలు ఇప్పటిదాకా ఒకదానితో ఒకటి పొసగలేదు.

వియోగం: లేరని తెలిసినా నేర్చుకోని మెదడు

ప్రమాదపు జ్ఞాపకంలో గతం వర్తమానంలోకి చొరబడుతుంది. వియోగంలో చిక్కు ఎదురుచూపుది. నలభై, యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషి ఏ వేళకు ఏ గదిలో ఉంటారో, ఏ మాటకు ఎలా బదులిస్తారో మెదడు ఆలోచించకుండానే ఊహిస్తుంటుంది. ఆ మనిషి పోయారన్న సమాచారం ఒక్క పూటలో అందుతుంది. లక్షలసార్లు రుజువైన ఆ ఊహలు మాత్రం ఒక్క పూటలో మారవు. సాయంత్రం తలుపు చప్పుడైతే ఆయనే అనిపించడం ఇందువల్లే. ఈ కోణంలో చూస్తే శోకం ఒక రకమైన నేర్చుకోవడం, అదీ ఇష్టంలేని పాఠాన్ని నేర్చుకోవడం. ఈ దృష్టిని బలంగా ముందుకు తెచ్చిన మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ బృందం 2008లో, తల్లినో అక్కచెల్లెళ్లనో రొమ్ము క్యాన్సర్‌కు కోల్పోయిన 23 మంది స్త్రీలకు పోయినవారి ఫొటోలు చూపుతూ స్కాన్ చేసింది. అందరిలోనూ నొప్పికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. శోకం విడవకుండా పీడిస్తున్నవారిలో మాత్రం, ప్రతిఫలం కోసం ఎదురుచూసేటప్పుడు పనిచేసే న్యూక్లియస్ అకంబెన్స్ కూడా చురుకైంది. ఆ మనిషి వస్తారన్న ఆశ ఇంకా ఆరలేదని దీనికి అర్థం చెప్పారు. ఆలోచింపజేసే ఫలితమే, కానీ 23 మంది అంటే చాలా చిన్న సంఖ్య.

శోకానికి అయిదు దశలుంటాయన్న మాట ప్రపంచమంతా పాకింది. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ వాటిని వర్ణించింది తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి వాటిని అన్వయించడం తర్వాత జరిగింది. 2007లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనం వియోగంలో ఉన్నవారినే నెలల తరబడి గమనించినప్పుడు, జరిగినదాన్ని ఒప్పుకోవడం చివరి మెట్టుగా కాక మొదటినుంచే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. బాధల్లో పైచేయి కోపానిదో కుంగుబాటుదో కాదు, పోయినవారి కోసం తపించడానిది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన మరో నమూనా మెట్లనే వదిలేసింది. మనిషి ఒక గంట దుఃఖంలో మునుగుతాడు, మరో గంట బ్యాంకు కాగితాల్లో తలదూరుస్తాడు. ఈ ఊగిసలాటే మామూలు శోకమని, ఏదో ఒక వైపే చిక్కుకుపోవడం ఇబ్బందికి గుర్తని వారి వాదన.

పెద్దావిడకు వినబడిన గొంతు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1971లో వేల్స్‌కు చెందిన వైద్యుడు డ్యూయీ రీస్, జీవిత భాగస్వామిని కోల్పోయిన 293 మందిని అడిగితే దాదాపు సగం మంది పోయినవారు దగ్గర ఉన్నట్టో, కనిపించినట్టో, పిలిచినట్టో అనిపించిందన్నారు. వారిలో ఎక్కువమంది అంతవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇది దానంతట అది పిచ్చికీ, డిమెన్షియాకూ గుర్తు కాదు.

గుండె పగిలి చనిపోవడమన్న మాటలో ఎంత నిజముందో కూడా కొలిచారు. 1969లో ప్రచురించిన బ్రిటిష్ అధ్యయనం 55 ఏళ్లు దాటిన 4,486 మంది భార్య పోయిన పురుషులను గమనించి, మొదటి ఆరు నెలల్లో వారి మరణాలు అదే వయసు వివాహితులతో పోలిస్తే 40 శాతం ఎక్కువని, ఆ తర్వాత తేడా తగ్గిపోయిందని చూపింది. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఒకే అలవాట్లతో బతుకుతారు కనుక కొంత తేడాకు అదే కారణం కావచ్చునన్న అభ్యంతరం సరైనదే. అయినా ఆరు నెలల్లోనే మరణాలు గుమిగూడటాన్ని అలవాట్లు పూర్తిగా వివరించలేవు. 1990లో జపాన్ వైద్యులు పేరుపెట్టిన టకోట్సుబో అనే స్థితిలో, తీవ్రమైన దుఃఖమో భయమో కలిగినప్పుడు గుండె ఎడమ గది తాత్కాలికంగా ఉబ్బి, ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో కనిపిస్తుంది. బాధితుల్లో అత్యధికులు నెలసరి ఆగిపోయిన స్త్రీలు. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో గుండె మామూలవుతుంది.

ఇక అసలు వివాదం: శోకం ఎప్పుడు రుగ్మత అవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 దీర్ఘకాలిక శోక రుగ్మతను గుర్తించి, కనీసం ఆరు నెలలు గడవాలంది; అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది మార్చిలో సవరించిన అమెరికా వర్గీకరణ పెద్దవారికి పన్నెండు నెలల గడువు పెట్టింది. ఎనిమిది నెలల దగ్గరున్న మన పెద్దావిడకు తపన తీవ్రంగా ఉండి రోజువారీ జీవితం స్తంభించిందనుకుంటే, ఒక లెక్కలో ఆమెకు రుగ్మత ఉండవచ్చు, ఇంకో లెక్కలో ఇంకా ఉండటానికి వీల్లేదు. మెదడులో ఏ గీతా లేనిచోట క్యాలెండరు మీద గీత గీయడమే ఇది. పేరు పెట్టడాన్ని సమర్థించేవారు, ఏళ్ల తరబడి శోకంలో ఇరుక్కున్నవారు నిజంగా ఉన్నారని, వారికి కుంగుబాటు మందులకంటే శోకానికే ఉద్దేశించిన చికిత్స బాగా పనిచేస్తుందని అంటారు. సహజ మరణాల తర్వాత పెద్దవారిలో ఇంచుమించు పదిమందిలో ఒకరు ఈ కోవకు వస్తారని 2017 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. వ్యతిరేకించేవారు, ప్రేమకు చెల్లించే మూల్యాన్ని జబ్బుగా మార్చి మందుల అంగడిలో పెడుతున్నారని అంటారు. రెండు వాదనలూ ఒకే మనిషి గురించి చేస్తున్నవి కాకపోవచ్చు: మొదటివారి కళ్ల ముందున్నది ఆ పదోమనిషి, రెండోవారి మనసులో ఉన్నది మిగిలిన తొమ్మిదిమంది.

వయసుతో తగ్గేవి, తగ్గనివి

పెద్దయ్యేకొద్దీ మెదడు కణాలు వేలకువేలు రాలిపోతాయని మనలో చాలామంది విని ఉంటాం. 1997లో డెన్మార్క్ పరిశోధకులు మెరుగైన పద్ధతితో లెక్కించినప్పుడు, 20 నుంచి 90 ఏళ్ల మధ్య మెదడు పైపొరలోని నాడీకణాల్లో తేడా సుమారు 10 శాతమేనని తేలింది. మెదడు కుంచించుకోవడంలో ఎక్కువ భాగం కణాలు చావడం వల్ల కాక, వాటి కొమ్మలు, వాటిని కలిపే తీగలు పలచబడటం వల్ల జరుగుతుంది. అదీ అన్నిచోట్లా సమంగా ఉండదు. ప్రీఫ్రంటల్ కార్టెక్స్, హిప్పోక్యాంపస్ ముందుగా తగ్గుతాయి, చూపుకు సంబంధించిన పైపొర చాలావరకు నిలుస్తుంది.

అనుభవంలో దీని ఫలితం పేర్లు వెంటనే నోటికి రాకపోవడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం, కొత్త ఫోను నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టడం. పదసంపద, లోకజ్ఞానం మాత్రం అరవైల దాకా పెరుగుతూ పోతాయి. క్షీణత ఎప్పుడు మొదలవుతుందన్నది కొలిచే పద్ధతి మీద ఆధారపడుతుంది. ఒకే రోజున ఇరవై ఏళ్లవారినీ డెబ్బై ఏళ్లవారినీ పరీక్షించి పోల్చితే తగ్గుదల ముప్పైల నుంచే మొదలైనట్టు కనబడుతుంది. కానీ ఆ డెబ్బై ఏళ్లవారు తక్కువ చదువు, తక్కువ పోషణ దొరికిన కాలంలో పెరిగినవారు. 1956లో వార్నర్ షాయ్ సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం అదే మనుషులను ఏడేళ్లకోసారి తిరిగి పరీక్షిస్తూ పోయింది. ఇందులో చాలా సామర్థ్యాలు అరవైల దాకా నిలకడగా కనిపించాయి. దీనిమీదా విమర్శ ఉంది: పరీక్ష అలవాటైపోయి మార్కులు పెరుగుతాయి, ఆరోగ్యం చెడినవారు మధ్యలోనే తప్పుకుంటారు.

వయసు ఉద్వేగాలను కూడా మారుస్తుంది, అందులోనూ చాలామంది ఊహించని దిశలో. లారా కార్స్టెన్సన్ బృందం పని ప్రకారం, మిగిలిన కాలం తక్కువని తెలిసేకొద్దీ మనుషులు దగ్గరివారి మీద, మనసుకు నచ్చేవాటిమీద దృష్టి పెడతారు. చేదు దృశ్యాలకంటే మంచివి ఎక్కువ గుర్తుంచుకుంటారు. ఇది తెలియక, డెబ్బై ఏళ్లవారు దిగులుగా ఉండటం సహజమే అనుకునే కుటుంబాలు, చికిత్స అవసరమైన కుంగుబాటును వయసు ఖాతాలో వేసేస్తాయి.

మూడూ ఒకే తలలో కలిసినప్పుడు

ఇప్పుడు పెద్దావిడ దగ్గరికి వద్దాం. ఆవిడ మతిమరుపుకు మొదటి వివరణ మెదడు బయట ఉంది. ఏళ్ల తరబడి కలిసి బతికిన ఇద్దరు జ్ఞాపకాలను పంచుకుని మోస్తారని మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1980ల్లో వివరించారు. బిల్లుల గడువు ఒకరికి గుర్తుంటుంది, బంధువుల పేర్లు ఇంకొకరికి. కళ్లజోడు ఎక్కడుందో చెప్పే మనిషి పోయినప్పుడు, అంతవరకు ఇద్దరి మధ్య దాగి ఉన్న మరుపు ఒకరిలో బయటపడుతుంది. అది ఎనిమిది నెలల కిందట మొదలైనట్టు పిల్లలకు అనిపించినా, మొదలైంది ఇంకా ముందే కావచ్చు.

రెండోది కుంగుబాటు. పెద్దవయసులో అది డిమెన్షియా వేషం వేయగలదని 1961లోనే లెస్లీ కైలో రాశారు. కుంగుబాటులో ఉన్నవారు తమ మరుపు గురించి తామే ఎక్కువ ఫిర్యాదు చేస్తారని, ప్రశ్నకు ‘ఏమో, తెలియదు’ అని వదిలేస్తారని, డిమెన్షియాలో ఉన్నవారు తప్పు జవాబును నమ్మకంగా చెప్పి లోపాన్ని కప్పిపుచ్చుకుంటారని వైద్యులు చెప్పే గుర్తులు ఉపయోగకరమైనవే, కానీ కచ్చితమైనవి కావు. పైగా ఈ రెండింటి మధ్య గీత పలచనిది. బ్రిటన్‌లో పదివేల మందిని 28 ఏళ్లపాటు గమనించిన వైట్‌హాల్ అధ్యయనంలో, నడివయసు కుంగుబాటుకు తర్వాతి డిమెన్షియాతో సంబంధం కనిపించలేదు. డిమెన్షియా వచ్చినవారిలో మాత్రం రోగం బయటపడటానికి పదేళ్లకు పైగా ముందునుంచే కుంగుబాటు లక్షణాలు పెరుగుతూ వచ్చాయి. అంటే ముదిమిలో కొత్తగా వచ్చిన కుంగుబాటు కొందరిలో కారణం కాక, మొదటి అడుగుల చప్పుడు.

మూడోది పాత గాయం. పీటీఎస్‌డీ ఉన్న అమెరికా మాజీ సైనికుల్లో ఏడేళ్ల వ్యవధిలో 10.6 శాతం మందికి, లేనివారిలో 6.6 శాతం మందికి డిమెన్షియా వచ్చిందని 2010లో క్రిస్టీన్ యాఫ్ బృందం ప్రకటించింది. ఇదీ సంబంధమే తప్ప కారణమని నిరూపణ కాదు: నిద్రలేమి, మద్యం, తలదెబ్బలు, గుండెజబ్బు దారిలో ఉన్నాయి, ముందే చెప్పుకున్న చిన్న హిప్పోక్యాంపస్ ఉంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మార్చదగిన 14 కారణాలను జాబితా చేసి, అవన్నీ తొలగించగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమంది. వినికిడి లోపం, ఒంటరితనం, కుంగుబాటు, తలకు దెబ్బ అందులో ఉన్నాయి, పీటీఎస్‌డీ లేదు. వ్యతిరేక దిశలో వెళ్లే దారి కూడా ఒకటుంది. మరుపు జబ్బు కొత్త జ్ఞాపకాలను ముందుగా తీసుకుపోయి పాతవాటిని ఆలస్యంగా ముట్టుకుంటుందని 19వ శతాబ్దంలోనే టియోడ్యూల్ రిబో గమనించాడు. పెద్దావిడ విషయంలో, అగ్నిప్రమాదం తర్వాతి యాభై ఏళ్ల ప్రశాంత జీవితపు జ్ఞాపకాలు పలచబడి, భయాన్ని అణిచిపెట్టే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలితే, ఎన్నడూ ఎత్తని ఆ ప్రమాదం డెబ్బై నాలుగో ఏట రాత్రిపూట లేపవచ్చు. యుద్ధాల నుంచి బతికి వచ్చినవారిలో పదవీ విరమణ, జీవిత భాగస్వామి మరణం తర్వాత ఇలా జరగడాన్ని వైద్యులు చూశారు.

ఇంత చెప్పినా స్కాన్ ఒక్కటే తీర్పు చెప్పదు. 1986లో డేవిడ్ స్నోడన్ మొదలుపెట్టిన అధ్యయనంలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు మరణానంతరం తమ మెదళ్లను పరీక్షించడానికి అంగీకరించారు; కొందరి మెదడు నిండా అల్జీమర్స్ గుర్తులున్నా చివరిదాకా వారి ఆలోచన చెదరలేదు. చదువు, భాష, వృత్తి, స్నేహాలు నష్టాన్ని తట్టుకునే నిల్వను ఇస్తాయన్నది దీనికి చెప్పే ఒక వివరణ. చదువుకు తోడ్పడిన పుట్టుకతోటి సామర్థ్యమే అసలు కారణమన్నది మరొకటి.

అందుకే పెద్దావిడ విషయంలో నిపుణులు మొదట చూసేది చెవులు, థైరాయిడ్, బీ12, వాడుతున్న నిద్రమాత్రలు. వియోగంలో ఉన్నవారికి వేరే రుగ్మత లేనప్పుడు బెంజోడయజిపీన్ల వంటి మత్తుమందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అవి జ్ఞాపకాన్ని ఇంకా మందగింపజేస్తాయి. తర్వాత కుంగుబాటుకు చికిత్స చేసి, ఆరు నెలలకో ఏడాదికో అవే పరీక్షలు మళ్లీ పెడతారు. మార్కులు కోలుకుంటే ఒక అర్థం, నిలిచిపోతే ఒక అర్థం, దిగజారితే మరో అర్థం. ఆవిడ హిప్పోక్యాంపస్ పాతికేళ్ల వయసులో, మంటల్లోంచి బయటపడకముందు, ఎంత ఉండేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. అప్పటికి వైద్యంలో ఎంఆర్ఐ వాడకమే మొదలుకాలేదు.